మెదడు క్రొవ్వుల చిక్కుముడి

19వ శతాబ్ది ఉత్తరార్ధమున లండను నగరమందు ఒక జర్మను వైద్యుడు ఎద్దుల మెదళ్లను, మృతులైన మనుష్యుల మెదళ్లను తెప్పించి, నూఱి, మద్యసారమున నానవైచి, వడగట్టి, అడుగుదేఱిన పదార్థములను వేఱువేఱుగా సీసాల కెత్తుచుండెను. ఆయన పేరు యోహాన్ లుడ్విగ్ విల్‌హెల్మ్ టూడికమ్. చూచువారికి ఏవగింపు కలిగించు నీ పనిని ఆయన ఏండ్లతరబడి విడువక సాగించెను. ఆలోచనకు, జ్ఞాపకమునకు, సుఖదుఃఖములకు నిలయమైన ఈ మెత్తని ముద్ద ఏ పదార్థములతో కూర్పబడినదో తెలిసిననే గాని, అది చెడినపుడు ఏమి చెడినదో తెలియదని ఆయన విశ్వాసము. ఆ విశ్వాసము సరియైనదని లోకమునకు తెలియుటకు దాదాపు నూఱేండ్లు పట్టినది.

టూడికమ్ 1829లో జర్మనీయందలి బ్యూడింగెన్ అను చిన్న పట్టణమున జన్మించెను. గీసెన్ నగరమున సుప్రసిద్ధుడైన లీబిగ్ వద్ద రసాయనశాస్త్రము నభ్యసించి, 1853లో లండను చేరి, శేషజీవితము నచటనే గడపెను. ఆయన ద్రాక్షమద్యములను గూర్చియు, పాకశాస్త్రమును గూర్చియు కూడ పెద్ద గ్రంథములు వ్రాసెను. పగలెల్ల మెదళ్లను ఉడికించినవాడే వంటలపుస్తకము వ్రాసెనన్న మాట విని నవ్వుకొనువారు నవ్వుకొనవచ్చును. కాని పదార్థమును ఏ పాళమున వేడి చేయవలెనో, ఎప్పుడు చల్లార్పవలెనో తెలిసిన చేయి ఆ రెండు పనులయందును అక్కరకు వచ్చియుండును.

ఆ కాలమున పండితులలో ఒక సిద్ధాంతము పాతుకొనియుండెను. మెదడునందలి క్రొవ్వంతయు ఒకే మహాపదార్థమనియు, దాని పేరు ‘ప్రోటాగను’ అనియు 1865లో లీబ్రైఖ్ ప్రకటించెను. అది ఒక పదార్థము కాదు, పలు పదార్థముల కలగాపులగమని టూడికమ్ వాదించెను. వాదించుటతో నూరకుండక వానిని విడదీసి చూపెను. సెరిబ్రోసైడులు, కెఫాలిను, స్ఫింగోమయిలిను అను నేటి రసాయనశాస్త్ర నామములు ఆయన పెట్టినవే. 1884లో ప్రచురించిన గ్రంథమున మెదడు యొక్క రసాయననిర్మాణము నంతయు ఆయన వివరించెను. అందు, ఆ క్రొవ్వులకు మూలమైన ఒక విచిత్రపదార్థమునకు ‘స్ఫింగోసిను’ అని నామకరణము చేసెను.

గ్రీకుల పురాణములలో స్ఫింగ్సు అనునది స్త్రీముఖము, సింహశరీరము గల భూతము. థీబ్సు నగరపు దారిలో కూర్చుండి, వచ్చుపోవువారికి పొడుపుకథ వేసి, విప్పలేనివారిని చంపుచుండెడిదట. మన భారతమున మడుగుగట్టున యక్షుడు ధర్మరాజు నడిగిన ప్రశ్నలు తెలిసినవారికి ఈ కథ క్రొత్తగా తోచదు. ఆ పదార్థము తన ముందు పెట్టిన చిక్కుప్రశ్నలకు గుర్తుగా ఆ పేరు పెట్టితినని టూడికమ్ చెప్పుకొనెను. సమకాలికులు ఆయన మాటను మన్నింపలేదు సరికదా, పెక్కురు పరిహసించిరి. 1901లో ఆయన మరణించెను. అటుపిమ్మట పదేండ్లలో ప్రోటాగను సిద్ధాంతము తనంతట కూలిపోయినది. ఆయన చెప్పినదే నిజమైనది; వినుటకు ఆయన లేడు.

ఇదే కాలమున, ఈ రసాయనగోష్ఠితో ఏమాత్రము సంబంధము లేని వైద్యులు కొందఱు, తమ యెదుటికి వచ్చిన రోగులయందు వింతలక్షణములను గమనించి వ్రాసి పెట్టుచుండిరి. 1881లో లండనులోని నేత్రవైద్యుడు వారెన్ టే వద్దకు సుమారు ఏడాది వయసుగల శిశువు నొకనిని తెచ్చిరి. ఆ బిడ్డకు మెడ నిలువదు. కంటిలోనికి వెలుతురు ప్రసరింపజేసి చూడగా, నేత్రపటలము నడుమ తెల్లని వలయము, ఆ వలయమధ్యమున చెఱ్ఱిపండు వలె ఎఱ్ఱని చుక్క కానవచ్చినది. తరువాత అదే కుటుంబమున పుట్టిన బిడ్డలయందును టే ఆ చుక్కనే చూచెను. 1887లో న్యూయార్కునందు బెర్నార్డ్ సాక్స్ అను నాడీవైద్యుడు ఇట్టి బాలిక నొకతెను పరీక్షించి, ఆమె మరణానంతరము మెదడును సూక్ష్మదర్శినితో చూచి, నాడీకణములు ఉబ్బి రూపుచెడి యున్నవని ప్రకటించెను. ఈ వ్యాధి తూర్పు యూరపునుండి వచ్చిన యూదుల కుటుంబములలో హెచ్చుగా కనబడుచుండెను. నాటినుండి దానిని టే–సాక్స్ వ్యాధి యనుచున్నారు.

ఆ వ్యాధి నడచు తీరు మిక్కిలి క్రూరమైనది. బిడ్డ ఆరోగ్యముగా పుట్టును. తల్లిని గుర్తించి నవ్వును. నాలుగైదు మాసములు ఏ లోపమును కానరాదు. పిమ్మట నేర్చిన విద్య లొక్కటొక్కటిగా మఱచును. బోర్లపడు బిడ్డ బోర్లపడదు. కూర్చుండు బిడ్డ ఒరిగిపోవును. చిన్న చప్పుడైనను ఉలికిపడును. చూపు పోవును, మూర్ఛలు వచ్చును. నాలుగైదేండ్ల లోపల ప్రాణము పోవును. ఇట్టి పసివాండ్ర వ్యాధికి ఆనాటి పండితులు పెట్టిన శాస్త్రీయనామమున ‘జడత్వము’ అను నర్థమిచ్చు పదము కూడ నుండెను. అది దశాబ్దములపాటు పుస్తకములలో నిలిచినది. తెలియని చోట మనుష్యుడు కఠినమైన పేరు పెట్టి తృప్తిపడుట క్రొత్త కాదు.

1882లో పారిసు నగరమున ఫిలిప్ గోషే అను యువవైద్యుడు తన పట్టపరీక్షకై సమర్పించిన వ్యాసమున ముప్పదిరెండేండ్ల స్త్రీని గూర్చి వ్రాసెను. ఆమె ప్లీహము అమితముగా పెరిగియుండెను. మన పల్లెలలో కడుపులో బల్ల పెరిగినదనుట ఇట్టిదానినే. ఆ ప్లీహమునిండ వింతగా ఉబ్బిన పెద్దకణము లుండెను. అది ఒక విధమైన కంతియని ఆయన తలంచెను. తలంపు తప్పైనను వర్ణన తప్పు కాలేదు. వ్యాధికి ఆయన పేరే నిలిచినది. 1898లో జర్మనీలో ఫాబ్రీ, లండనులో ఆండర్సన్, ఒకరి నొకరు ఎఱుగకయే, ఒకే వ్యాధిని వర్ణించిరి. 1914లో బెర్లినునందు నీమన్, 1916లో డెన్మార్కునందు క్రాబె తలయొక వ్యాధిని చేర్చిరి. నీమన్ వ్యాధి గోషే వ్యాధికంటె వేఱని నిరూపించిన లుడ్విగ్ పిక్, యూదుడైన కారణమున నాజీల నిర్బంధములో చిక్కి, 1944లో టెరెజీన్‌స్టాట్ శిబిరమున మరణించెను.

ఇన్ని వ్యాధులకును టూడికమ్ సీసాలకును చుట్టఱికము కలదని మొదట ఎవరికి తోచును? 1934లో ఆ ముడి విడనారంభించినది. గోషే రోగుల ప్లీహమున పేరుకొన్నది గ్లూకోసు చక్కెర తగిలిన సెరిబ్రోసైడు అని పారిసులో ఆగియాన్ చూపెను. నీమన్–పిక్ రోగులయందు నిండినది స్ఫింగోమయిలిను అని జర్మను రసాయనవేత్త ఎర్న్‌స్ట్ క్లెంక్ చూపెను. క్లెంకే తరువాత టే–సాక్స్ వ్యాధితో మరణించిన బిడ్డల మెదళ్లలో ఒక క్రొత్తజాతి క్రొవ్వును కనుగొని, దానికి 1942లో ‘గాంగ్లియోసైడు’ అని పేరు పెట్టెను. 1947లో అమెరికాలో హెర్బర్ట్ కార్టర్ స్ఫింగోసిను నిర్మాణమును తేల్చి, ఈ వంశమున కంతటికిని ‘స్ఫింగోలిపిడులు’ అను నుమ్మడి పేరు నొసగెను. స్ఫింగ్సు పొడుపుకథలో మొదటి సగము విడిపోయినది.

ఈ క్రొవ్వుల కూర్పును తెలిసికొనుట కష్టము కాదు. పూరింటికి నిట్టాడు వంటిది స్ఫింగోసిను. దానికి ఒక క్రొవ్వామ్లము చేరిన సెరమైడు. సెరమైడునకు ఒక చక్కెర తగిలిన సెరిబ్రోసైడు. భాస్వరము, కోలీను తగిలిన స్ఫింగోమయిలిను. పలుచక్కెరలు గొలుసుగా చేరి, వానికి సయాలికామ్లము కూడ తగిలిన గాంగ్లియోసైడు. ఇవి విషములు కావు. ప్రతి కణపు పైపొరయందును ఇవి యుండవలసినవే. నాడులచుట్టునున్న తొడుగునందును ఇట్టి క్రొవ్వులు హెచ్చుగా నుండును. కాని శరీరమున ఏ వస్తువును శాశ్వతముగా నిలువదు. పాత పొరలు చినుగుచుండును, క్రొత్తవి ఏర్పడుచుండును. పాతదానిని విప్పి, అందలి ముక్కలను మరల వాడుకొనుట ప్రతి కణమునకును నిత్యకృత్యము.

ఆ విప్పుడు పని ఎచట జరుగునో బెల్జియము దేశీయుడైన క్రిస్టియన్ డి డ్యూవ్ కనుగొనెను. వెదకినది వేఱు, దొరికినది వేఱు. 1949లో లూవేన్ విశ్వవిద్యాలయమున ఆయన ఇన్సులిను చర్యను గూర్చి పరిశోధించుచు, ఎలుక కాలేయమును నూఱి, అందలి ఒక ఎంజైమును కొలిచెను. ఎంజైమనగా రసాయనక్రియలను త్వరితపఱచు సజీవకణోత్పన్నమైన ద్రవ్యము. పాలను పెరుగు చేయు తోడువంటిదని స్థూలముగా చెప్పవచ్చును. ఉండవలసిన శక్తిలో సుమారు పదవవంతు మాత్రమే కానవచ్చినది. కొలతలో పొరపాటు జరిగినదేమో యని ఆ నమూనాలను శీతలపేటికలో పెట్టి, అయిదుదినముల పిమ్మట మరల కొలువగా, శక్తి పూర్తిగా నుండెను! మఱొకడైనచో మొదటి లెక్కను కొట్టివైచి ఊరకుండెడివాడు. డి డ్యూవ్ ఊరకుండలేదు. ఆ ఎంజైము ఏదో సంచిలో బంధింపబడియుండెననియు, నిలువయుంచగా సంచి పగిలి బయటపడినదనియు ఊహించెను. అట్టి సంచులలోనే ఆమ్లగుణముగల వాతావరణమున పనిచేయు విచ్ఛేదక ఎంజైములు మఱికొన్ని కూడ నున్నవని తేలినది. 1955లో ఆ సంచులకు ‘లైసోజోములు’ అని పేరు పెట్టెను. విప్పునట్టి దేహములని దాని గ్రీకు అర్థము. ఆ యేటనే నోవికాఫ్ అను అమెరికను శాస్త్రజ్ఞుడు వానిని ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో చూపెను. 1974లో డి డ్యూవ్‌నకు, మఱి యిరువురితో కలిపి, నోబెల్ బహుమాన మొసగబడెను.

లైసోజోములో క్రొవ్వు విడిపోవు విధము పెంకుటింటిని విప్పుటవంటిది. విప్పువారు ముందుగా పెంకులు దించి, పిదప వాసములు, ఆ పిదప దూలములు తీసెదరు. పెంకులు దించువాడు రాకపోయినచో, వాసములు తీయువాడు చేతులు ముడుచుకొని కూర్చుండవలసినదే. గాంగ్లియోసైడు గొలుసున చివరి చక్కెరను ఒక ఎంజైము కోయును, దాని తరువాతిదానిని మఱొకటి, సయాలికామ్లమును ఇంకొకటి. చివరకు మిగిలిన గ్లూకోసును కోసిన సెరమైడు మిగులును. సెరమైడును రెండుగా చీల్చుటకు వేఱొక ఎంజైము కలదు. ఒకరి పని మఱొకరు చేయలేరు. ఒక్కరు లేకున్నను, వారి మెట్టు ముందరి సరకంతయు అచటనే నిలిచి, సంచులు ఉబ్బి, సంచులతో కణము ఉబ్బి, తుదకు చెడును. ఏ సరకు ఏ యవయవమున హెచ్చుగా తయారగునో ఆ యవయవము ముందు దెబ్బతినును. గాంగ్లియోసైడులు మెదడున హెచ్చు గనుక టే–సాక్స్ శిశువు మెదడు చెడును. పాత రక్తకణములను మ్రింగు భక్షకకణములు ప్లీహమున హెచ్చు గనుక గోషే రోగికి బల్ల పెరుగును. వారెన్ టే చూచిన ఎఱ్ఱచుక్కకును ఇదియే కారణము. నేత్రపటలమందలి నాడీకణములు క్రొవ్వుతో నిండి తెల్లబాఱును. నట్టనడుమ నున్న గుంటలో ఆ కణములు లేవు గనుక, వెనుకనున్న రక్తవర్ణ మచట సహజముగా కనబడును. ఎఱ్ఱచుక్క రోగము కాదు. దాని చుట్టునున్న తెలుపు రోగము.

ఈ వివరణ ఊహామాత్రముగా మిగులక సత్యమని తేలినది 1963లో. డి డ్యూవ్ సహచరుడైన హెర్స్ అదే లూవేనులో, పాంపె వ్యాధిగ్రస్తులైన శిశువులలో ఒక లైసోజోము ఎంజైము లేదని కనుగొనెను. ఆ వ్యాధిలో పేరుకొనునది క్రొవ్వు కాదు, పిండిపదార్థము. అయినను సూత్ర మొక్కటే. దానిని 1932లో తొలుత వర్ణించిన డచ్చి వైద్యుడు పాంపె, స్వదేశమున జర్మనుల నెదిరించినందుకు 1945 ఏప్రిలులో కాల్చి చంపబడెను. తన వ్యాధికి కారణము తెలియుట ఆయనకును దక్కలేదు.

అమెరికాలో బెథెస్డాయందలి జాతీయారోగ్యసంస్థలలో రాస్కో బ్రాడీ గోషే వ్యాధిని పట్టుకొనెను. ఆయన యెదుట రెండు మార్గము లుండెను. రోగి శరీరము ఆ క్రొవ్వును మితిమీఱి తయారుచేయుచున్నదా? లేక తయారైనదానిని విప్పలేకున్నదా? తయారీ సామాన్యులయం దెట్లో రోగులయందును అట్లే యున్నదని మొదట తేలినది. అపుడు కార్బను-14 అను గుర్తు తగిలించిన సెరిబ్రోసైడును తయారుచేయించి, ప్లీహపు తునుకలలో దాని గతిని పరిశీలించెను. ఆరోగ్యవంతుల ప్లీహము దానిని విప్పినది. రోగుల ప్లీహము విప్పలేకపోయినది. 1965లో ఈ సంగతి ప్రకటితమైనది. మఱుసటి యేట నీమన్–పిక్, 1967లో ఫాబ్రీ వ్యాధుల ఎంజైములు తెలిసినవి. జర్మనీలో కొన్రాడ్ జాండ్‌హోఫ్, అమెరికాలో ఒకాడా, ఒబ్రయన్ అనువారలు 1968, 1969 సంవత్సరములలో టే–సాక్స్ కూటమి రహస్యమును ఛేదించిరి. అచట లోపించినది హెక్సోసామినిడేసు–ఏ.

లేనిది ఎంజైమైనచో దానిని బయటనుండి పోసిన చాలదా? ఎలిజబెత్ న్యూఫెల్డ్ బృందము 1968లో, ఈ కోవకే చెందిన రెండు వేఱువేఱు వ్యాధుల రోగుల చర్మకణములను ఒకే పాత్రలో కలిపి పెంచగా, ఒకదాని లోపమును మఱొకటి తీర్చినది. అనగా కణము బయటి ఎంజైమును గ్రహింపగలదు. ఇది ఆశ కొలిపినది. కాని బ్రాడీకి త్రోవ నల్లేరుపై బండినడక కాలేదు. ప్రసవానంతరము పాఱవేయు మావినుండి ఎంజైమును తీసి 1974లో రోగుల కెక్కించెను. ఎంజైము కాలేయమునకు చేరెను గాని, అందును భక్షకకణములలోనికి కావలసినంత పోలేదు. ఆ కణములు మానోసు అను చక్కెరను గుర్తించి లోనికి లాగుకొనునని తెలిసిన పిమ్మట, ఎంజైముపైనున్న ఇతర చక్కెరలను కోసివైచి మానోసు బయటపడునట్లు చేసిరి. అది ఊరు పేరు వ్రాసిన జాబు వలె చేరవలసిన చోటికి చేరినది. 1991లో అమెరికా ప్రభుత్వము ఆ మందు నంగీకరించెను. ఒక్క రోగికి ఏడాదికి కావలసిన మందునకు వేలకొలది మావులు కావలసియుండెను. 1994నుండి ఎంజైమును పెంపుడుకణములలో తయారుచేయు విధానము వచ్చినది. బల్ల తగ్గి, రక్తము పుంజుకొని, ఎముకల నొప్పులు శమించి, మంచము దిగి నడచినవారు కలరు.

టే–సాక్స్ బిడ్డలకు మాత్రము ఈ మార్గము మూతపడియేయున్నది. నెత్తురునందు పోసిన ఎంజైము మెదడులోనికి ప్రవేశింపనేరదు. మెదడునకును రక్తమునకును నడుమ ప్రకృతి కట్టిన గోడ విషములనే గాక మందును గూడ ఆపును. అందుచేత అచట ప్రయత్నము మఱొక దిక్కునకు మఱలినది. ఈ వ్యాధి తల్లిదండ్రు లిరువురినుండియు లోపముగల జన్యువు సంక్రమించినపుడే వచ్చును. ఒక్కరినుండి మాత్రమే వచ్చినవాడు జీవితాంతము ఆరోగ్యవంతుడే. తనలో లోపమున్నదని అతనికి తెలియదు. అట్టి యిరువురు దంపతులైనచో, ప్రతి కాన్పునందును నాలుగింట ఒక పాలు బిడ్డకు వ్యాధి సోకు అవకాశము కలదు. ఆ యూదుల సమాజమున సుమారు ముప్పదిమందికి ఒకరు ఇట్టి వాహకులు. 1971లో మైకేల్ కాబక్ అను వైద్యుడు బాల్టిమోరు, వాషింగ్టను ప్రాంతములందు వారి ప్రార్థనామందిరములలోనే రక్తపరీక్షల నేర్పఱచెను. జనులు బారులుతీరి వచ్చిరి. ఆ పరీక్షలు వ్యాపించిన పిమ్మట ఉత్తరఅమెరికా యూదులలో ఈ వ్యాధితో పుట్టు శిశువుల సంఖ్య నూటికి తొంబదిపాళ్లకు మించి తగ్గినది. మందు లేని వ్యాధిని తెలివిడి యొక్కటే ఇంతగా వెనుకకు నెట్టినది.

ఇది పరదేశపు యూదుల సంగతియే యని త్రోసివేయరాదు. ఈ వ్యాధులు అన్ని జాతులయందును కలవు. తెలుగునాట మేనరికములు, అక్కకూతును మేనమామ కిచ్చుటయు తరతరముల ఆచారము. ఒక తాత యందున్న లోపము కొడుకుద్వారా ఒక శాఖకు, కూతుద్వారా మఱొక శాఖకు నిశ్శబ్దముగా దిగివచ్చి, మనుమల పెండ్లిలో కలిసికొనుటకు అచట హెచ్చు వీలు కలదు. ఒకే ఇంట ఇద్దఱు ముగ్గురు బిడ్డలు ఒకే తీరున క్షీణించి పోయినపుడు, దృష్టి తగిలినదనియో, తల్లి పాలు మంచివి కావనియో అనుట పల్లెలలో వినబడుచుండెడిది. తల్లిపాలకు ఇందు ఏ పాపమును లేదు. లోపము తండ్రివైపునుండియు సమముగానే వచ్చును.

ఇటీవలి యేండ్లలో మెదడు గోడను దాటు నొక త్రోవ దొరకినది. నాడులతొడుగును చెఱచు మెటాక్రొమాటిక్ ల్యూకోడిస్ట్రోఫీ అను స్ఫింగోలిపిడు వ్యాధిలో, బిడ్డ మూలుగనుండి కణములను తీసి, సరియైన జన్యువును చేర్చి, మరల ఎక్కించు చికిత్సను యూరపు 2020లోను, అమెరికా 2024లోను అంగీకరించినవి. ఆ కణముల సంతతిలో కొన్ని మెదడులోనికి పోయి, అచటనే ఎంజైమును తయారుచేయును. కాని లక్షణములు బయటపడకముందే, లేక తొలిదశయందే దీనిని చేయవలెను. లక్షణము లేని బిడ్డకు వ్యాధి కలదని తెలియుట తఱుచుగా ఆ బిడ్డ అన్నకో అక్కకో అది వచ్చియుండుట చేతనే. పెద్దబిడ్డ రోగము చిన్నబిడ్డను కాపాడును. పెద్దబిడ్డకు మాత్రము వేళ మించిపోవును.

భారతప్రభుత్వము 2021లో అరుదైన వ్యాధులకై జాతీయవిధానమును ప్రకటించి, కొన్ని వైద్యసంస్థలను అందులకు కేంద్రములుగా నిర్ణయించెను. హైదరాబాదునందలి డి.ఎన్.ఎ. ఫింగర్‌ప్రింటింగ్, డయాగ్నస్టిక్సు కేంద్రము, నిజాం వైద్యవిజ్ఞానసంస్థ కలిసి అందొకటి. 2022నుండి ఒక్కొక్క రోగికి 50 లక్షల రూపాయల వఱకు సాయ మొసగుట కంగీకారము కుదిరినది. గోషే రోగికి ఎంజైమును రెండువారముల కొకమారు, జీవితాంతము ఎక్కింపవలెను. మోతాదు శరీరపు బరువును బట్టి యుండును గనుక, మందుతో బిడ్డ కోలుకొని పెరుగుకొలది మందు ఖరీదును పెరుగుచుండును. 50 లక్షల హద్దు మాత్రము బిడ్డతోపాటు పెరుగదు.